ఫిబ్రవరిలో పచ్చిమట్టి

లైమన్ టెన్నీ మోకాళ్ళకు మట్టి ఉంది. పసుపు కలిసిన జిగురుమట్టి, ఆరి పెచ్చులు కట్టింది. బూట్ల మడమల సందుల్లోనూ అదే మట్టి. తల వెనక దెబ్బను అందరూ చూశారు. డాక్టరు చూశాడు, బోస్టన్ నుంచి దిగిన పెద్దమనిషి చూశాడు, అన్నగారు సైలస్ టెన్నీ చూసి రుమాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు. మోకాళ్ళ జోలికి ఎవరూ పోలేదు.

ఫిబ్రవరి నెలలో మా కొండల్లో మనిషి బట్టలకు మంచు అంటుతుంది, గడ్డి అంటుతుంది, పేడ అంటుతుంది. మట్టి అంటదు. నవంబరు దాటిందంటే వెర్మాంట్ నేల బండరాయి, దాని మీద నడుం లోతు మంచు. గునపం వేస్తే గునపమే వంగుతుంది. లైమన్ మంగళవారం పొద్దున్న పలహారం చేసి ఇంట్లోంచి బయటపడ్డాడు. మధ్యాహ్నానికి మంచుగడ్డలు దాచే కొట్టులో శవమై దొరికాడు. ఈ మధ్యలో ఎక్కడ మోకాళ్ళ మీద కూర్చున్నాడన్నది నా ప్రశ్న. జిల్లా డిటెక్టివ్‌ని గనక ఆ ప్రశ్న అడగడానికి నాకు జీతమిస్తారు.

గురువారం నేను వెళ్ళేసరికి శవాన్ని ముందుగదిలో పడుకోబెట్టి ఉంచారు. దుప్పటి కప్పి వంటింటివైపు వెళ్దామని తలుపు తీశాను. తలుపు వెనక సున్నం కొట్టిన గోడ ఉంది. పొయ్యికి కుడిపక్క ఒక తలుపుంది కనక ఎడమపక్కా ఉండాలని, 1809లో ఎలీఫలెట్ టెన్నీ అనే ఆయన ఉత్తుత్తి తలుపు చేయించి బిగించాడు. ఫెడరల్ పద్ధతి ఇల్లంటే అదేనట, రెండు పక్కలా అన్నీ సరిసమానంగా కనబడాలట. ఈ కొండ మీద మొదటి చెట్టు నరికింది ఆయనేనని, మొదటి పొగ లేచింది ఆయన పొయ్యిలోంచేనని చిన్నప్పుడు బళ్ళో మాచేత వల్లె వేయించారు. ఆ గడప తొక్కామని గొప్పగా చెప్పుకునేవాళ్ళు ఊళ్ళో ఇప్పటికీ ఉన్నారు. నాకు మాత్రం ఆ రోజు అడుగడుగునా కంపరం ఎత్తుతూనే ఉంది.

వంటింట్లో బల్ల ముందు ఒవీలా గాన్యో బేడీలతో కూర్చున్నాడు. టెన్నీల పాలేరు, కెబెక్ నుంచి వచ్చినవాడు. పొట్టిగా ఉంటాడు, భుజాలు మాత్రం ఎద్దు భుజాలు. పక్కన మా కానిస్టేబుల్ హైరమ్. ఎదురుగా పొయ్యికి వీపు కాచుకుంటూ, చేతిలో కాఫీ కప్పుతో, లూథర్ బాంక్రాఫ్ట్. బోస్టన్‌లో పేరున్న ప్రైవేటు డిటెక్టివ్. సైలస్ టెన్నీ తంతి కొట్టి పిలిపించుకున్నాడు. ఇంత మంచులోనూ బూట్లు అద్దంలా మెరుస్తున్నాయి, ఎందుకంటే వచ్చినప్పట్నించీ గడప దాటి బయట కాలు పెట్టలేదు.

“మీరింకా ఇక్కడే ఉన్నారా కెండ్రిక్? అయిదింటికి జైలు బండి వస్తుంది. వీణ్ణి ఎక్కించేస్తే ఎవరి దారి వాళ్ళది” అన్నాడు.

“ఇతనే చేశాడని ఎలా తేల్చారు?”

“మీరు శవంతో కబుర్లాడుతున్నంతసేపట్లో తేల్చాను. సోమవారం సాయంత్రం పశువుల కొట్టంలో వీడు లైమన్ కాలరు పట్టుకుని అరిచాడు. సైలస్ గారు కళ్ళారా చూశారు. మర్నాడు లైమన్ చచ్చాడు. మంచుగడ్డలు లాగే కొక్కేనికి రక్తం ఉంది. కొక్కెం వీడిది. ఇంకేం కావాలండీ మీకు, పాట కట్టి పాడాలా?”

“కొక్కెం ఎక్కడ దొరికింది?”

“కొట్టు తలుపు పక్కన, ఎప్పుడూ తగిలించే మేకుకే.”

“అంటే మనిషిని చంపి, రక్తమైనా తుడవకుండా, జాగ్రత్తగా తన మేకుకి తన కొక్కెం తగిలించి, భోజనానికొచ్చి కూర్చున్నాడు.”

“కూలివాడు. అంతకన్నా బుర్రుంటే ఇక్కడ పేడ ఎత్తుతాడా?”

ఆ మాట ఒవీలా ముందే అన్నాడు, అతనేదో బల్లకి నాలుగో కాలైనట్టు. ఒవీలా తల ఎత్తలేదు. అలాంటి మాటలకి అతను అలవాటుపడి ఉన్నాడని తెలిసి నాకు ఇంకా ఒళ్ళు మండింది. కుర్చీ లాక్కుని అతని పక్కన కూర్చున్నాను.

“కాలరు పట్టుకున్న మాట నిజమేనా?”

“నిజమే సార్.”

“ఎందుకు?”

“మా చెల్లెలి కోసం సార్.” అతని ఇంగ్లీషులో సగం ఫ్రెంచి యాస, కానీ మాట నిదానం. “రోజల్మా. ఈ ఇంట్లోనే వంట చేసేది. క్రిస్మస్‌కి ముందు ఒకరోజు పొద్దున్నే చూస్తే లేదు. రైలెక్కి ఇంటికెళ్ళిపోయిందన్నారు సైలస్ గారు. నాతో చెప్పకుండా ఎందుకెళ్తుంది? ఇంటికి కబురు పెట్టా. రాలేదన్నారు. ఊళ్ళో అడిగా. మీ వాళ్ళ ఆడపిల్లలు అంతేలే అన్నారు.”

“లైమన్‌ని అడిగితే ఏమన్నాడు?”

“ముందు ఏం మాట్లాడలేదు. నేను అరిచా. అప్పుడు ఏడ్చారు సార్. అంత మనిషి, గడ్డి మోపు మీద కూర్చుని ఏడ్చారు. రేపు చెప్తా ఒవీలా, రేపొక్కరోజు ఆగు అన్నారు.”

బాంక్రాఫ్ట్ నవ్వాడు. “చచ్చినవాడు ఏడ్చాడట. మంచి సాక్షిని పట్టావురా.”

“మీరు లైమన్ మోకాళ్ళు చూశారా?” అన్నాను అతనివైపు తిరిగి.

“మోకాళ్ళా?”

“మట్టి ఉంది.”

“రైతు ఒంటికి మట్టుంటే అదో వింతా?”

“జూలైలో వింత కాదు.”

“నేలమాళిగలో అంటుకుని ఉంటుంది” అన్న గొంతు గుమ్మంలోంచి వినిపించింది. సైలస్ టెన్నీ వచ్చి నిలబడ్డాడు. అరవై దాటిన మనిషి, చర్చి పెద్ద. గొంతు పెంచి మాట్లాడ్డం నేనెప్పుడూ వినలేదు. చేతులు అప్పుడే కడుక్కుని తువ్వాలుతో వేలు తరవాత వేలు తుడుచుకుంటున్నాడు. “మంగళవారం పొద్దున్న తమ్ముడు బంగాళాదుంపలు ఏరడానికి కిందికి దిగాడు. పాపం, కష్టజీవి. కాఫీ పుచ్చుకోండి కెండ్రిక్ గారూ, చలిలో పడి వచ్చారు.”

“కాఫీ వద్దండీ. ఏటా జూలైలో మీరు జనాన్ని పోగేసి ఈ ఇల్లంతా తిప్పి చూపిస్తారు కదా. నేనూ వచ్చాను. నేలమాళిగలో ఏం చూపిస్తారు?”

ఆయన తువ్వాలు మడతపెట్టడం మొదలుపెట్టాడు.

“మర్చిపోయినట్టున్నారు, నేను చెబుతాను. ఇటుకలు. ఎలీఫలెట్ గారు ఎడ్లబళ్ళ మీద ఇటుకలు తెప్పించి మాళిగ నేలంతా పరిపించారని, ఈ చుట్టుపక్కల ఇంకే ఇంటికీ ఆ భాగ్యం లేదని మీరే చెబుతారు. బూట్లు తుడుచుకుని దిగమంటారు కూడా. ఆ ఇటుకల మీద ఈ మట్టి ఎక్కడిదండీ?”

“నేనెక్కడో పొరబడి ఉంటాను” అన్నాడు సైలస్ మెత్తగా. “తమ్ముడు పోయిన బాధలో ఉన్నాను.”

బాధలో ఉన్న మనిషి మడతపెట్టిన తువ్వాలు అంచులు కలిశాయో లేదో చూసుకుంటాడా? ఆయన చూసుకున్నాడు.

నేను ఒవీలాని అడిగాను. “ఈ కొండ మీద ఇప్పుడు మెత్తటి మట్టి ఎక్కడుంది?”

అతను ఆలోచించాల్సిన పనే లేకపోయింది. “ఒక్కచోటే సార్. అమ్మగారి గుంటలో.”

“ఏ అమ్మగారు? ఏ గుంట?” అన్నాడు బాంక్రాఫ్ట్.

“మేడ మీదున్న హెప్జీబా అమ్మగారండీ, అయ్యగారి తల్లి. అక్టోబరులో డాక్టరుగారు ఈ చలికాలం దాటదన్నారు. నేల గడ్డకట్టకముందే నేనే తవ్వా.”

బాంక్రాఫ్ట్ కప్పు కింద పెట్టేశాడు. “బతికున్న మనిషికి గొయ్యి తవ్వారా?”

“ఇక్కడ అందరూ తవ్వుతారు” అన్నాను. “తవ్వి, పైన చెక్కలు పరిచి, గడ్డి కప్పి ఉంచుతారు. కింద మట్టి మెత్తగా ఉంటుంది. తవ్వకపోతే చలికాలంలో పోయినవాళ్ళు ఊరి శవాల గదిలో వసంతం దాకా ఎదురుచూడాలి.”

“అక్కడ ఊళ్ళో అందర్నీ కలిపి పెడతారు” అన్నాడు సైలస్. “టెన్నీలెవరూ అక్కడ పడుకోలేదు. పడుకోరు కూడా. కెండ్రిక్ గారూ, మా అమ్మ పైన ఇంకా ఊపిరి పీలుస్తోంది. ఆవిడ గొయ్యి మీరు కెలకడం మర్యాద కాదు.”

“మీరు ఇక్కడే ఉండండి, ఆ మర్యాదేదో మేమే చూసుకుంటాం” అన్నాను.

ఇంటి వెనక రాతిగోడ కట్టిన చిన్న శ్మశానం. టెన్నీలు తప్ప ఎవరూ లేరందులో. వెనక్కి తిరిగి చూస్తే ఇంటి వీపు కనబడింది. ముందువైపు తెల్లరంగు, తలుపు మీద విసనకర్రలా పరుచుకున్న అద్దాలు, చెక్కడాలు. వెనకవైపు రంగే లేదు, నాటు చెక్కలు నల్లబడి ఉన్నాయి. బాటసారులు చూసే వైపు మాత్రమే ముఖం కడుక్కున్న మనిషిలా ఉంది ఆ ఇల్లు.

హైరమ్ ఒవీలాని బేడీలతోనే తీసుకొచ్చాడు. బాంక్రాఫ్ట్ తన మెరిసే బూట్లను మంచులో దింపి తిట్టుకుంటూ వచ్చాడు. హెప్జీబా భర్త ముసలాయన టెన్నీ సమాధి పక్కనే పొడుగ్గా మంచు ఉబ్బి ఉంది. మంచు పక్కకి తోశాం. కింద ఎండుగడ్డి, గడ్డి కింద చెక్కలు. నవంబరులో పరిచిన చెక్కలు ఈపాటికి ఒకదానికొకటి గడ్డకట్టి అతుక్కుపోయి ఉండాలి. చెయ్యి పెడితే లేచి వచ్చాయి.

“ఈ వారంలోనే ఎవరో తీశారు” అన్నాను.

“తీశారే అనుకోండి” అన్నాడు బాంక్రాఫ్ట్. “లైమన్ దిగాడు. తల్లి గొయ్యి ఎలా ఉందో చూసుకున్నాడు. బయటికొచ్చాక వీడు కొట్టాడు. ఇందులో తేలిందేముంది?”

గోడలు నిలువుగా, మూలలు పదునుగా ఉన్నాయి. చక్కటి పనితనం. గోడలమట్టి పసుపురంగు. అడుగున మళ్ళీ కాస్త గడ్డి పరిచి ఉంది. దాని మీద రెండు మోకాళ్ళ గుర్తులు స్పష్టంగా కనబడుతున్నాయి.

“అడుగున గడ్డి నువ్వే వేశావా ఒవీలా?”

“లేదు సార్. అడుగున ఎందుకు?” అతను అంచుకొచ్చి చూశాడు, కనుబొమ్మలు ముడిచాడు. “ఇది నేను తవ్వినంత లోతు లేదు సార్.”

“నీకెలా తెలుసు?” అన్నాడు బాంక్రాఫ్ట్.

“తవ్వినోణ్ణి నాకు తెలీదా? అడుగుకొచ్చేసరికి నాకు పైన ఆకాశం తప్ప ఇంకేం కనబడలేదు. పైకి రాలేకపోతే లైమన్ గారే చెయ్యిచ్చి లాగారు, ఎలకపిల్ల దొరికిందిరా అని నవ్వారు కూడా.”

“ఏదీ, దిగి చూపించు” అన్నాడు బాంక్రాఫ్ట్, భుజం మీద ఒక్క తోపు తోసి.

నేను వద్దనేలోపే ఒవీలా దిగాడు. బేడీల చేతులతో గడ్డి మీద నిలబడ్డాడు. అతని తలా భుజాలూ పైకి వచ్చాయి. అంచు అతని రొమ్ముకి తగిలింది. మాలో ఒకరి తరవాత ఒకరి ముఖంలోకి చూశాడు, తను చేసిన పనిలో తప్పేం జరిగిందో అర్థంకాక.

నాకు ఆ క్షణంలోనే అర్థమైంది.

“పైకి రా ఒవీలా. హైరమ్, ఇతన్ని లోపలికి తీసుకెళ్ళు, పొయ్యి దగ్గర కూర్చోబెట్టు. కాఫీ ఇవ్వు. సైలస్‌ని ఇల్లు కదలనివ్వకు.”

వాళ్ళు లోపలికి వెళ్ళేదాకా ఆగి, పార తీసుకుని నేను దిగాను. అంచుదగ్గర నిలబడ్డ బాంక్రాఫ్ట్ “గొయ్యి కుంగి ఉంటుంది” అన్నాడు.

“కుంగితే లోతు పెరుగుతుందండీ. తగ్గదు.”

గడ్డి తీసేస్తే మట్టి వదులుగా ఉంది. పార వాడడానికి మనసొప్పక చేతులతో తోడాను. ఎంతోసేపు పట్టలేదు. ఒక చెయ్యి బయటపడింది, ఆడపిల్ల చెయ్యి, చలికి చెడకుండా అలాగే ఉంది. మణికట్టు మీద పెద్ద కాలిన మచ్చ. పోయినేడు మార్చిలో చర్చి వెనక మేపుల్ చెట్ల రసం పాకం కాస్తుంటే ఆ మచ్చ పడడం నేను చూశాను. మరుగుతున్న పాకం ఒలికితే ఆ పిల్ల కేక వెయ్యలేదు, పక్కనున్న పిల్లల్ని వెనక్కి నెట్టింది. ఆ వేళ ఊరంతా అక్కడే ఉంది. తొమ్మిది నెలలకి ఆ పిల్ల మాయమైతే ఆ ఊళ్ళో ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, ఎక్కడికెళ్ళిందని అడగలేదు.

మళ్ళీ మట్టి కప్పి పైకి వచ్చాను. బాంక్రాఫ్ట్ రాతిగోడ పట్టుకుని వంగి వాంతి చేసుకుంటున్నాడు. నాకు ఆయన మీద కలిగిన మొదటి మంచి అభిప్రాయం అదే.

“పాలేరు చెల్లెలా?” అన్నాడు మూతి తుడుచుకుని.

“రోజల్మా. డిసెంబరు నుంచీ ఇక్కడే ఉంది. డిసెంబరులో ఈ కొండ మీద మనిషిని పాతడానికి ఇంకో చోటు లేదు. ఉన్నదీ ఎంత తెలివైన చోటు. నాలుగు రోజుల్లో ముసలావిడ పోతుంది, పెట్టె పైన దిగుతుంది, ప్రార్థన చదువుతారు, మట్టి పోస్తారు. ఇక ప్రపంచం ఉన్నన్నాళ్ళూ ఎవరూ తవ్వరు. లెక్క తప్పిందల్లా ఒక్కచోటే. ముసలావిడ పోలేదు.”

ఆయన తేరుకున్నాడు. తేరుకోగానే మళ్ళీ పాత బాంక్రాఫ్ట్ అయ్యాడు. “గొయ్యి తవ్వింది వాడు. పాతిందీ వాడే అంటాను నేను. లైమన్ కనిపెట్టాడు, లైమన్‌నీ చంపాడు.”

“సొంత చెల్లెల్ని పాతి, చెల్లెలేదని ఊరంతా తిరిగి అడుగుతాడా? లోతు తగ్గిందని తన నోటితో తనే చెబుతాడా?”

“నాకు చెప్పకండి. జ్యూరీకి చెప్పండి. పన్నెండుమంది ఈ జిల్లా రైతులు. అందరూ ఆదివారం పూట సైలస్ టెన్నీ పక్కన కూర్చుని కీర్తనలు పాడినవాళ్ళే. ఒక పక్క చర్చి పెద్ద, ఇంకో పక్క ఫ్రెంచి పాలేరు. ఇప్పుడు రెండు శవాలు. వాణ్ణి కరెంటు కుర్చీలో కూర్చోబెట్టడానికి వాళ్ళకి ఎంతసేపు పడుతుందంటారు?”

ఆయన చెప్పిన దాంట్లో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు, అదే నాకు అసహ్యమేసింది. నా దగ్గర మట్టి ఉంది, మచ్చ ఉంది, గొయ్యి లోతుంది. చూసినవాళ్ళు మాత్రం లేరు. తల ఎత్తి ఆ రంగులేని గోడవైపు చూశాను. మేడ మీద కిటికీలో తెర కొంచెం జరిగి ఉంది. దాని సందులో తెల్లటి ముఖం ఒకటి మమ్మల్నే చూస్తోంది.

“నాతో రండి” అన్నాను బాంక్రాఫ్ట్‌తో. “గది బయట నిలబడండి. దగ్గకండి, తుమ్మకండి.”

మెట్ల దగ్గర సైలస్ పళ్ళెంలో గిన్నె పెట్టుకుని నిలబడ్డాడు, వెనకాలే హైరమ్. మేం శ్మశానంలో ఏం చేశామో వంటింటి కిటికీలోంచి ఆయన చూసే ఉంటాడు. ముఖంలో ఇంత తేడా లేదు.

“అమ్మకి పులుసు వేళయింది” అన్నాడు.

“నేనిస్తాను” అని పళ్ళెం అందుకున్నాను. ఆయన వెంటనే వదల్లేదు. కాసేపు ఇద్దరం చెరో పక్కా పట్టుకుని నిలబడ్డాం. తరవాత వదిలాడు.

హెప్జీబా టెన్నీ పరుపులో పసిపిల్లంత ఉంది. కళ్ళు మాత్రం గద్దకళ్ళు.

“నువ్వు ఏసా కెండ్రిక్‌వి కదూ, ఏబెల్ మనవడివి. మీ తాత మా పొలంలో రాళ్ళేరేవాడు” అంది.

“అవునండీ. పులుసు తెచ్చాను.”

“పారబొయ్యి. మంగళవారం నుంచీ చేదుగా ఉంటోంది. ఆ కుండీలో పోస్తున్నాను.”

కిటికీలో పూలకుండీ ఉంది. మొక్క మొదలంటా మాడిపోయింది. గిన్నెను జాగ్రత్తగా బల్ల మీద పెట్టి మూత వేశాను.

“కొడుకు విషం పెడుతున్నాడని తెలిసి ఎవరితోనూ అనలేదా?”

“ఇంటి సంగతి వీధిలో పెట్టుకుంటామా?”

“గొయ్యిలో ఆ పిల్ల ఉందని ఎప్పట్నించి తెలుసు మీకు?”

తెలియదంటుందనుకున్నాను. ఆవిడకి దాచాలనే ఆలోచన కూడా ఉన్నట్టు లేదు. “ఆ రోజునించే. ఆ పిల్ల అటక మీద పడుకునేది. అటక మెట్లు ఈ గోడవతలే. సైలస్ పైకెళ్ళడం విన్నాను. ఆ పిల్ల అరిచింది. దానికి గొంతు పెద్దది. తరవాత అరవలేదు. తెల్లవారాక మంచుబండి మీద గడ్డి వేసుకుని వాడు శ్మశానంవైపు వెళ్ళాడు. ఈ కిటికీలోంచే చూశాను.”

“చూసి ఏం చేశారు?”

“దుప్పటి కప్పుకున్నాను. చలి.”

నేను కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నాను. ఆవిడ గాలి నాకు తగలకూడదనిపించింది.

“మరి లైమన్‌కి ఎందుకు చెప్పారు? సోమవారం చెప్పారు కదూ?”

“చెప్పక? డాక్టరు సోమవారం నాడి చూసి ఇక వారమే అన్నాడు. అప్పటిదాకా నేను ప్రాణం బిగబట్టుకుని ఉన్నాను, ఏసా. నీకు తెలీదు ఎంత కష్టమో. రోజూ పొద్దున్నే అనుకునేదాన్ని, ఇవాళ పోకూడదు, దాని మీద పడుకోకూడదు అని. ఈ కొండెక్కిన మొదటివాళ్ళం మేం. అది క్యాథలిక్కు పిల్ల. మా అంట్లు తోమిన పిల్ల. నేను తీర్పుదినం దాకా దాని మీద పడుకోవాలా? మా ఆయన పక్కన?”

ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నిజంగానే తిరిగాయి. ఇన్నేళ్ళ ఉద్యోగంలో హంతకుల్ని చూశాను, తాగుబోతుల్ని చూశాను, పిల్లల్ని కొట్టి చంపినవాణ్ణి ఒకణ్ణి చూశాను. ఆ కన్నీళ్ళంత రోత పుట్టించింది నేనింకొకటి చూడలేదు.

“అందుకని లైమన్‌ని పిలిచారు.”

“పిలిచి, దాన్ని తీసేసి చెరువులో మంచు కోసిన కన్నంలో పడెయ్యమన్నాను. వాడు చిన్నప్పట్నించీ మెత్తన. ఏడ్చాడు. తీస్తానన్నాడు, కానీ దాని అన్నకి అప్పగిస్తానన్నాడు. మర్నాడు వాడు గొయ్యిలోకి దిగడం చూశాను. సైలస్ వెనకే వెళ్ళాడు. చేతిలో కొక్కెం ఉంది. తరవాత వాణ్ణి మంచుబండి మీద వేసి కొట్టువైపు లాక్కెళ్ళాడు.”

“మీ కొడుకు మీ కొడుకుని చంపాడు.”

“ఇంటికి ఒక్కడైనా మిగలాలి కదా.”

“ఒవీలాని అయిదింటికి జైలుకి తీసుకుపోతున్నారు. ప్రాణం తీస్తారు.”

“పాలేళ్ళు దొరుకుతారు.”

“ఇదంతా కోర్టులో చెబుతారా?”

ఆవిడ నన్ను జాలిగా చూసింది. “టెన్నీ మీద టెన్నీ సాక్ష్యం చెప్పడం ఎక్కడైనా విన్నావా? నీకెందుకు చెప్పానంటే, ఆ గొయ్యి బాగుచేయించాల్సింది నువ్వు గనక. దాన్ని తీయించు. అడుగున మట్టంతా మార్పించు. అదయ్యాక నేను హాయిగా వెళ్తాను. ఇంకెవరడిగినా నేను నోరు విప్పను.”

నేను లేచి వెళ్ళి తలుపు పూర్తిగా తెరిచాను. బాంక్రాఫ్ట్ టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. మంచులో నానిన బూట్ల చుట్టూ నీళ్ళు మడుగు కట్టాయి.

“విన్నారా?”

“మొదట్నించీ” అన్నాడు. “నన్ను పిలిపించింది సైలస్ టెన్నీ. నేను ఆయనకి వ్యతిరేకంగా చెబితే ఆ పన్నెండుమందీ నమ్మక తప్పదు. చెబుతాను.” ఆగి, ముసలావిడవైపు చూడకుండా అన్నాడు, “ఆ గిన్నె నాకివ్వండి. హైరమ్‌తో కలిసి సైలస్ సంగతి నేను చూసుకుంటాను.”

గిన్నె పట్టుకుని ఆయన మెట్లు దిగాడు.

“ఎవడతను?” అంది హెప్జీబా. “ఎవడైతేనేం. గొయ్యి సంగతి ఆదివారంలోపల చూడు.”

“ఆ గొయ్యి ఇప్పుడు మీది కాదండీ.”

“మా నేల. మాది కాకపోతే ఎవరిది?”

“అందులో ముందు పడుకున్నది రోజల్మా గాన్యో. అక్కడే ఉంచాలా, వాళ్ళూరు తీసుకెళ్ళాలా అని నేను వాళ్ళన్నని అడుగుతాను. ఉంచుతానంటే, మీ సైలస్ జైల్లో ఉంటాడు కాబట్టి అడ్డం చెప్పేవాళ్ళూ ఉండరు. పేరు చెక్కించి రాయి నేనే నిలబెడతాను, మీ ఆయన పక్కనే.”

దుప్పటి మీద ఆవిడ వేళ్ళు ఏదో పట్టుకోవాలని వెతుక్కున్నాయి. ఆ వయసు మనిషిని అలా చూస్తే జాలి కలగాలి. నాకు కలగలేదు, కలగనందుకు బాధా లేదు.

కింద వంటింట్లో ఒవీలా ఒక్కడే పొయ్యి దగ్గర ఉన్నాడు. పక్కగదిలో బాంక్రాఫ్ట్ గొంతు, కుర్చీ ఒకటి కింద పడిన చప్పుడు వినిపించాయి. నన్ను చూడగానే ఒవీలా లేచి నిలబడ్డాడు.

“అమ్మగారికి ఒంట్లో ఎలా ఉంది సార్?” అన్నాడు.

నేను బేడీలు విప్పాను. తరవాత కూర్చోమన్నాను.